ఆరు నెలల అద్దె ముందే కడతానంటే ఇంగ్లండ్‌లో క్రెడిట్ చెక్ తప్పుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది. లెస్టర్‌లో నెలకు 1,300 పౌండ్ల ఇల్లు నచ్చింది. గ్రాడ్యుయేట్ వీసా నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మారి, ఏడాదికి 33,400 పౌండ్ల జీతంతో చేరబోతున్నారు. మీ ఆవిడ కేర్ హోమ్‌లో పార్ట్ టైమ్ చేస్తూ ఏడాదికి సుమారు 12,000 సంపాదిస్తున్నారు. బ్యాంకులో పది వేల పౌండ్లు దాచారు. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ అంతగా లేదు కాబట్టి, ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టేస్తే రెఫరెన్సింగ్ (అద్దెకిచ్చేముందు మీ ఆదాయం, చెల్లింపుల చరిత్ర చూసే తనిఖీ) లేకుండా ఇల్లు ఇస్తారా అని అడిగారు.

ఇవ్వరు. ఓనరుకు ఇష్టమే అయినా, 2026 మే 1 నుంచి కుదిరే ఒప్పందాలకు తాళాలు ఇవ్వకముందే ఆరు నెలల అద్దె తీసుకోవడం చట్టవిరుద్ధం. అయినా మీ అంకెలు చూస్తే ఆ అవసరమే లేదు. మీరు భయపడుతున్నది క్రెడిట్ హిస్టరీ గురించి. అసలు అడ్డుపడేది ఆదాయం లెక్క, దానికి దారి మీ ప్రశ్నలోనే ఉంది. ముందు చట్టం సంగతి చెప్పి దాని దగ్గరికి వస్తాను.

2025 అక్టోబర్ 27న రాజముద్ర పడిన రెంటర్స్ రైట్స్ యాక్ట్‌లో ముందస్తు అద్దె గురించి మూడు దశలున్నాయి. సంతకాలు కాకముందు ఓనరు గానీ ఏజెంటు గానీ అద్దె పేరుతో ఏమీ అడగకూడదు, ఇమ్మని ప్రోత్సహించకూడదు, మీరే ఇస్తానన్నా పుచ్చుకోకూడదు. సంతకాలయ్యాక, అద్దె కాలం మొదలయ్యేలోపు గరిష్ఠంగా ఒక నెల అద్దె తీసుకోవచ్చు. కాలం మొదలయ్యాక మీ ఇష్టంతో రెండు నెలలదో మూడు నెలలదో ముందే కట్టుకుంటే తప్పు లేదు గానీ, అలా కట్టాలని ఒప్పందంలో రాసినా ఆ షరతు చెల్లదు. తప్పు చేసినవాడు తీసుకున్న ఓనరే, ఇచ్చిన మీరు కాదు. మీరు ఉత్సాహపడి "ఆరు నెలలు ఇప్పుడే వేసేస్తాను" అని ఈమెయిల్ పెడితే, చట్టం తెలిసిన ఏజెంటు మిమ్మల్ని తలనొప్పి కేసుగా చూసి పక్కన పెట్టే ప్రమాదం కూడా ఉంది. మే 1కి ముందు కుదిరిన ఒప్పందాల్లో ముందస్తు అద్దె షరతు ఉంటే అది అలాగే నడుస్తుంది. "మేమంతా ఏడాది అద్దె కట్టే ఇల్లు తీసుకున్నాం" అని సీనియర్లు చెబుతున్నది ఆ కాలం మాట.

ఈ చట్టం రాకముందు కూడా ముందస్తు అద్దె రెఫరెన్సింగ్‌ను పూర్తిగా తప్పించేది కాదు. చాలామంది ఓనర్లకు రెంట్ గ్యారంటీ ఇన్సూరెన్స్ ఉంటుంది. అద్దెకున్నవాళ్లు కట్టడం మానేస్తే ఆ కంపెనీ కడుతుంది. అయితే అద్దెకు దిగేముందే గుర్తింపు పొందిన సంస్థ రెఫరెన్సింగ్‌లో పాసై ఉండాలి, లేదా పాసైన గ్యారంటర్ (మీరు కట్టకపోతే తాను కడతానని హామీ ఇచ్చే మనిషి) ఉండాలి. అది లేకపోతే పాలసీ చెల్లదు. మీరు ఆరు నెలలు కట్టారు సరే, ఏడో నెల సంగతేమిటన్నది ఓనరు బెంగ. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణం చూపి నోటీసిచ్చి, కోర్టుకు వెళ్లి ఆర్డరు తెచ్చుకోవాలి. నెలలు పడుతుంది. అందుకే ఆయనకు కావలసింది ముందు చేతిలో పడే మూట కాదు, నెలనెలా వచ్చే జీతానికి రుజువు.

అద్దెదారు వైపు నుంచి కూడా ఆ మూట ఇవ్వడం తెలివైన పని కాదు. డిపాజిట్‌కు ఉన్న రక్షణ ముందస్తు అద్దెకు లేదు. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్ అనే మూడు ప్రభుత్వ ఆమోదిత పథకాల్లో ఏదో ఒకదాంట్లో నమోదు చేయాలి. ఆరు నెలల అద్దె ముందే తీసుకున్నా అది అద్దేనని, డిపాజిట్ కాదని 2013లో జాన్సన్ వర్సెస్ ఓల్డ్ కేసులో అప్పీల్ కోర్టు తేల్చింది. అంటే ఓనరు దివాలా తీసినా, బ్యాంకు ఇల్లు జప్తు చేసినా మీ 7,800 పౌండ్లకు మీరు అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే. పైగా కొత్త చట్టంలో అగ్రిమెంటుకు గడువే లేదు. రెండు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా ఖాళీ చేయొచ్చు. ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడు ఆరు నెలల డబ్బు ఇంకొకరి ఖాతాలో పెట్టడం ఎందుకు?

ఇక రెఫరెన్సింగ్‌లో ఏం చూస్తారంటే, మీరు ఎవరు, ఎక్కడ ఉన్నారు, ఎంత వస్తుంది, పాత ఓనరు ఏమంటాడు, అప్పుల విషయంలో కోర్టు దాకా వెళ్లారా అన్నవి. ఏజెంటు సొంతంగా చేసేది తక్కువ. గుడ్‌లార్డ్, హోమ్‌లెట్ లాంటి సంస్థలకు లింకు పంపి చేయిస్తారు. ఆ ఖర్చు మీ మీద వేయకూడదు. 2019 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న టెనెంట్ ఫీజ్ యాక్ట్ ప్రకారం రెఫరెన్స్ ఫీజు, అడ్మిన్ ఫీజు, అగ్రిమెంట్ ఫీజు అన్నీ నిషేధం. గ్యారంటర్‌ను చెక్ చేయడానికి కూడా డబ్బు అడగకూడదు.

ఆదాయం లెక్క దాదాపు అందరిదీ ఒకటే: నెల అద్దెకు 30 రెట్లు ఏడాది స్థూల ఆదాయం ఉండాలి. మీ ఇంటికి 1,300 × 30 అంటే 39,000 పౌండ్లు. మీ జీతం 33,400. మీ ఒక్కరి పేరుతో దరఖాస్తు వేస్తే క్రెడిట్ స్కోరు ఎంత బాగున్నా ఈ లెక్కలో 5,600 తక్కువవుతుంది. ఇదే మీ అసలు చిక్కు. స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు కనీస జీతం 41,700. అంత వచ్చేవారు ఒంటరిగా 1,390 పౌండ్ల అద్దె వరకు గట్టెక్కుతారు. మీలాగా న్యూ ఎంట్రెంట్ (కెరీర్ కొత్తగా మొదలుపెట్టేవారి) తగ్గింపుతో 33,400కి చేరినవారికి ఆ గీత 1,113 దగ్గరే ఆగుతుంది.

దారి ఏమిటంటే, మీ ఆవిడను కేవలం ఇంట్లో ఉండే మనిషిగా కాకుండా జాయింట్ టెనెంట్‌గా, అంటే మీతో సమానంగా అద్దెదారుగా పెట్టండి. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. భర్త పేరుతో ఫారం నింపి, భార్యను "పర్మిటెడ్ ఆక్యుపయర్" గడిలో రాస్తారు. అలా రాస్తే ఆవిడ జీతం లెక్కలోకి రాదు. జాయింట్ టెనెంట్ అయితే ఇద్దరి ఆదాయం కలిపి 45,400, అంటే కావలసిన 39,000 దాటి మిగులుతుంది. కొన్ని రెఫరెన్సింగ్ సంస్థలు మొత్తం ఆదాయాన్ని కాక, ఒక్కొక్కరు కట్టే వాటాను విడిగా 30తో గుణిస్తాయి. అప్పుడు సగం సగం అని రాస్తే ఆవిడ వాటా 650 అవుతుంది, 19,500 ఆదాయం చూపించాలి, ఫెయిలవుతారు. మీ వాటా 1,000, ఆవిడ వాటా 300 అని రాయండి. మీకు 30,000 చాలు, ఆవిడకు 9,000 చాలు, ఇద్దరూ పాసవుతారు. ఫారం నింపేముందే "వాటాల లెక్కా, మొత్తం లెక్కా" అని ఏజెంటును అడిగి తెలుసుకోండి. జాయింట్ టెనెంట్లు అంటే చట్టం దృష్టిలో మొత్తం అద్దెకు ఇద్దరూ బాధ్యులే. వాటాలు రెఫరెన్సింగ్ కోసమే. భార్యాభర్తలకు ఇది పెద్ద విషయం కాదు గానీ, నలుగురు స్నేహితులు కలిసి ఇల్లు తీసుకునేటప్పుడు ఒకడు ఇండియా విమానం ఎక్కేస్తే మిగతా ముగ్గురు కట్టాల్సి వస్తుందని మరిచిపోకూడదు.

ఆవిడ జీతానికి చివరి మూడు నెలల పేస్లిప్పులు, అవే మొత్తాలు జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. కేర్ హోమ్ ఉద్యోగాల్లో గంటలు నెలనెలా మారుతుంటే, ఒప్పందంలో రాసిన గంటలనో మూడు నెలల సగటునో చూస్తారు. జీరో అవర్స్ ఒప్పందమైతే సగటే దిక్కు, కొందరు ఆరు నెలలవి అడుగుతారు. మీరు ఇంకా చేరలేదు కాబట్టి పేస్లిప్పులు ఉండవు. సంతకాలైన ఉద్యోగ ఒప్పందం ఇవ్వండి. జీతం, చేరే తేదీ, పర్మనెంటా ఫిక్స్‌డ్ టర్మా అన్నది, ప్రొబేషన్ ఎంతకాలమో అందులో కనబడాలి. వీసా కోసం కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ దీనికి బదులు కాదు. రెఫరెన్సింగ్ సంస్థ మీ కంపెనీ హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపుతుంది. ఎక్కువ దరఖాస్తులు నిలిచిపోయేది ఇక్కడే. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదా హెచ్‌ఆర్ విభాగం మొత్తానికి ఉన్న ఒక ఉమ్మడి చిరునామాకు వెళ్లి ఎవరూ తెరవరు. ఫారంలో మీ హెచ్‌ఆర్ మనిషి ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి, జీమెయిల్ పనికిరాదు. ముందుగానే ఆ మనిషికి రెండు లైన్లు రాసి ఉంచండి. ఓపెన్ బ్యాంకింగ్ లింకు పంపితే భయపడకండి. ఖాతాలో జమలు చూడటానికి మాత్రమే అది, దాంతో డబ్బు తీయలేరు. లింకు నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందో లేదో చూసుకుని ఒప్పుకుంటే రెండు రోజుల పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

క్రెడిట్ చెక్ విషయానికి వస్తే, హిస్టరీ లేకపోవడం వేరు, చెడ్డ హిస్టరీ ఉండటం వేరు. అద్దె రెఫరెన్సింగ్‌లో స్కోరు అంకె కంటే ఎక్కువగా చూసేది కోర్టు తీర్పులు, దివాలా, ఐవీఏ లాంటి అప్పుల ఒప్పందాలు ఉన్నాయా అని. అవి లేకుండా ఫైలు పలచగా ఉంటే చాలా సంస్థలు "పాస్" అనో "పాస్, గ్యారంటర్‌తో" అనో రాస్తాయి. ఇది సాధారణంగా సాఫ్ట్ సెర్చ్, మీ స్కోరు తగ్గదు. దరఖాస్తు వేయకముందే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి నుంచీ మీ రిపోర్టు తెప్పించుకోండి. చట్టప్రకారం ఇవ్వాల్సిన ఆ రిపోర్టు ఉచితం. నెలనెలా చందా కట్టమనే పేజీలోకి తోసేస్తుంటారు, అక్కడ ఆగిపోకండి. ఇండియాలో సిబిల్ స్కోరు 800 ఉన్నా ఇక్కడి వ్యవస్థకు కనబడదు. ట్రాన్స్‌యూనియన్ పేరు రెండు చోట్లా ఉంది కదా అని కొందరు ఆశపడతారు, కానీ ఫైళ్లు వేరు. సిబిల్ రిపోర్టు ప్రింటు తీసి ఓనరుకు చూపిస్తే మంచి అభిప్రాయం కలగొచ్చు, అంతవరకే.

చదువుకునే రోజుల్లో ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒకటి తప్పకుండా చూసుకోండి: మీకు తెలియకుండా పడ్డ సీసీజే, అంటే కౌంటీ కోర్టు తీర్పు. ఇల్లు మారాక పాత చిరునామాకు ప్రైవేటు పార్కింగ్ చార్జీ నోటీసో, రద్దు చేశామనుకున్న జిమ్ బకాయో, ఫోన్ కాంట్రాక్టు చివరి బిల్లో వెళ్తుంది. ఎవరూ జవాబివ్వరు, కోర్టు తీర్పు ఇచ్చేస్తుంది. నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టరు నుంచి తీసేస్తారు. నెల దాటితే కట్టినా ఆరేళ్లు కనబడుతుంది, "తీరింది" అన్న గుర్తుతో. కాగితాలే మీకు అందలేదని చూపగలిగితే ఎన్244 ఫారంతో తీర్పు రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. దరఖాస్తు ఫారంలో "సీసీజే ఉందా" అన్న ప్రశ్నకు లేదని రాసి తర్వాత బయటపడితే, తీర్పు కంటే ఆ అబద్ధమే ఎక్కువ నష్టం చేస్తుంది. అదే ఇంట్లో ముందున్నవాళ్ల అప్పులు మీ ఫైలుకు అంటవు. ఉమ్మడి ఖాతా, ఉమ్మడి అప్పు ఉంటేనే ఇంకొకరి హిస్టరీ మీతో ముడిపడుతుంది.

పలచని ఫైలును చిక్కగా చేసే పనుల్లో మనవాళ్లకు తెలియని మంచి మార్గం ఓటరు నమోదు. ఇండియా కామన్‌వెల్త్ దేశం. వీసాతో యూకేలో నివసిస్తున్న భారతీయ పౌరులు ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు కూడా వేయొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకుంటే చాలు. ఓటర్ల జాబితాలో పేరు, చిరునామా ఉంటే క్రెడిట్ ఏజెన్సీలకు మీరు ఆ చిరునామాలో ఉన్నారన్న నమ్మకం కుదురుతుంది. చాలామంది ఫైళ్లలో "మనిషి దొరకలేదు" అని వచ్చేది ఇది లేకే. నెలవారీ ఫోన్ కాంట్రాక్టు, చిన్న పరిమితితో క్రెడిట్ కార్డు తీసుకుని ప్రతి నెలా పూర్తిగా కట్టడం కూడా పనిచేస్తాయి గానీ, వాటి ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది. వచ్చే వారం ఇల్లు కావలసినవారికి అవి ఉపయోగపడవు.

పేర్ల గందరగోళం తెలుగువాళ్లకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మూడు ముక్కల పేరు గివెన్ నేమ్ గడిలో ఉంటుంది. బ్యాంకులో ఇంటిపేరు మొదట వచ్చి పేరు సగం కత్తిరించి ఉంటుంది. పేస్లిప్పులో ఇంటిపేరు ఒక్క అక్షరమై మిగులుతుంది. కంప్యూటరుకు వీళ్లు ముగ్గురు మనుషులు. బ్యాంకు, పేరోల్, ఓటరు జాబితా, ఈ-వీసా అన్నింట్లో పాస్‌పోర్టు క్రమమే ఉండేలా ముందే మార్పించుకోండి. కుదరకపోతే దరఖాస్తుతో పాటే ఒక చిన్న వివరణ జతచేయండి. చిరునామాల చరిత్ర మూడేళ్లది అడుగుతారు. మధ్యలో ఖాళీ నెలలు వదలకండి. మూడేళ్లలో కొంతకాలం ఇండియాలో ఉంటే ఆ చిరునామా కూడా రాయండి.

హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి ఇచ్చే డబ్బు) కట్టేముందు మాత్రం తొందరపడకండి. అది ఒక వారం అద్దెకు మించకూడదు. వారం అద్దె ఎలా లెక్కిస్తారంటే, నెల అద్దెను 12తో గుణించి 52తో భాగించాలి. మీకు సరిగ్గా 300 పౌండ్లు. ఆ తర్వాత 15 రోజుల్లో ఒప్పందం తేలాలి, వేరే తేదీకి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. మీరు నిజం చెప్పి, ఆదాయం చాలక రెఫరెన్సింగ్‌లో ఫెయిలైతే ఆ 300 వెనక్కి రావాలి. తప్పుడు సమాచారం ఇచ్చినా, మనసు మార్చుకున్నా, అడిగిన కాగితాలు ఇవ్వకుండా జాప్యం చేసినా, రైట్ టు రెంట్ చెక్‌లో (వీసా ప్రకారం ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు ఉందో లేదో చూసే తనిఖీలో) ఫెయిలైనా ఉంచేసుకోవచ్చు. అందుకే డబ్బు పంపేముందే ఏజెంటుకు ఒక ఈమెయిల్ పెట్టండి. ఇద్దరి జీతాలు, మీరు చేరే తేదీ, వీసాల గడువులు, యూకే క్రెడిట్ హిస్టరీ తక్కువగా ఉందన్న సంగతి, గ్యారంటర్ ఉన్నారో లేరో, అన్నీ పచ్చిగా రాయండి. "ఈ వివరాలతో మీ రెఫరెన్సింగ్‌లో పాసవుతామా" అని అడగండి. జవాబు రాతలో వచ్చాకే డబ్బు పంపండి. రేపు పేచీ వస్తే మీరు ఏమీ దాచలేదనడానికి ఆ ఈమెయిలే సాక్ష్యం.

అన్నీ కుదిరితే చేతి నుంచి పోయేది ఇంత: మొదటి నెల అద్దె 1,300, డిపాజిట్ ఐదు వారాలది 1,500 (ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే ఐదు వారాలే పరిమితి), మొత్తం 2,800. ముందే ఇచ్చిన 300 అందులో సర్దితే ఇంకా కట్టాల్సింది 2,500. దాచుకున్న పది వేలలో 7,200 మీ దగ్గరే ఉంటుంది.

ఆ పొదుపును వాడుకునే సరైన పద్ధతి ఇవ్వడం కాదు, చూపించడం. ముందస్తు అద్దె తీసుకోవడం నిషేధం గానీ మీ పొదుపు స్టేట్‌మెంటు చూసి సంతృప్తి పడటం నిషేధం కాదు. కొన్ని రెఫరెన్సింగ్ సంస్థలు ఆదాయం కాస్త తగ్గినప్పుడు పొదుపును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. డబ్బు మీ పేరు మీద, వీలైతే యూకే ఖాతాలో, కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. నిన్న స్నేహితుడు వేసి రేపు తీసుకునే డబ్బు స్టేట్‌మెంటులో ఇట్టే పట్టుబడుతుంది.

ఇంతా చేసినా గ్యారంటర్ కావాలంటే, సాధారణంగా యూకేలో ఉండే, అద్దెకు 36 రెట్లు ఆదాయం ఉన్న మనిషి కావాలి. మీ ఇంటికి 46,800. హైదరాబాద్‌లో నాన్నగారికి ఎంత ఆస్తి ఉన్నా చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే అక్కడికి వెళ్లి వసూలు చేయడం వాళ్లవల్ల కాదు. ఇక్కడున్న బాబాయినో అన్నయ్యనో అడిగితే ఒక విషయం వాళ్లకు ముందే చెప్పండి. ఇప్పుడు ఒప్పందానికి ముగింపు తేదీ లేదు కాబట్టి, హామీ పత్రంలో పరిమితి రాయకపోతే షూరిటీ కూడా మీరు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ సాగొచ్చు. గరిష్ఠ మొత్తం ఇంత, అద్దె పెరిగితే మళ్లీ అడగాలి అన్న మాటలు పెట్టించమనండి. బంధువులు లేకపోతే హౌసింగ్ హ్యాండ్ లాంటి కంపెనీలు రుసుము తీసుకుని గ్యారంటర్‌గా నిలబడతాయి. ఆ రుసుము తిరిగిరాదు, మీరు అద్దె ఎగ్గొడితే వాళ్లు కట్టి మీ దగ్గర వసూలు చేసుకుంటారు. అది మీకు ఇన్సూరెన్స్ కాదు. ఏ కంపెనీని ఒప్పుకుంటారో ముందు ఓనరును అడిగి, ఆ తర్వాతే కట్టండి. ఇంకా చదువుతున్నవారైతే ముందు యూనివర్సిటీని అడగాలి. యూసీఎల్ లాంటి కొన్ని తమ విద్యార్థులకు తామే గ్యారంటర్‌గా ఉండే పథకాలు నడుపుతున్నాయి.

రైట్ టు రెంట్ చెక్ దీనికి సంబంధం లేని వేరే చెక్. ఎంత డబ్బు ఇచ్చినా అది తప్పదు, ఎందుకంటే హక్కు లేనివారికి ఇల్లిస్తే ఓనరుకు మొదటిసారే మనిషికి 10,000 పౌండ్ల దాకా జరిమానా. ఇంట్లో ఉండబోయే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ చేయాలి. యూకేవీఐ (యూకే వీసాల విభాగం) ఖాతాలోకి వెళ్లి ఇద్దరూ విడివిడిగా షేర్ కోడ్ (మీ వీసా హోదాను ఓనరు ఆన్‌లైన్‌లో చూడటానికి ఇచ్చే కోడ్) తీసుకోండి. అద్దెకు సంబంధించినది ఆర్ అక్షరంతో మొదలవుతుంది, 90 రోజులు చెల్లుతుంది. ఉద్యోగం కోసం తీసుకున్న కోడ్ ఇక్కడ పనిచేయదు. గడువున్న వీసాలకు ఈ చెక్ అద్దె మొదలయ్యే తేదీకి ముందు 28 రోజుల్లోపే చేయాలి, కాబట్టి మరీ ముందే చేయించుకుని నిశ్చింతగా ఉండలేరు. మీ వీసా మారుతున్న సమయం కనుక పాత గ్రాడ్యుయేట్ వీసా గడువు కాకుండా కొత్త హోదా ఖాతాలో కనబడుతోందో లేదో కోడ్ తీసేముందు చూసుకోండి.

ముందస్తు అద్దె నిబంధన వర్తించని ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఓనరు అదే ఇంట్లో ఉంటూ ఒక గది అద్దెకిస్తే దీని పరిధిలోకి రాదు. గుర్తింపు పొందిన నియమావళిలో చేరిన పెద్ద విద్యార్థి వసతి భవనాలు కూడా బయటే, అందుకే అక్కడ టర్ముకొకసారి కట్టమనడం మామూలే. స్కాట్లండ్‌లో చట్టం వేరు: ముందస్తు అద్దె ఆరు నెలల దాకా, డిపాజిట్ రెండు నెలల అద్దె దాకా. గ్లాస్గోలో ఉన్న స్నేహితుడి సలహా లెస్టర్‌లో పనికిరాకపోవడానికి కారణం అదే.

ముందస్తు అద్దె నిషేధాన్ని దాటడానికి ఏజెంట్లు ప్రయత్నించే దొంగదారులు కూడా తెలిసుండాలి. "ఆరు నెలలది డిపాజిట్ అని రాసుకుందాం" అంటే ఐదు వారాల పరిమితి దాటుతుంది. "ప్రకటనలో 1,300 ఉంది గానీ 1,400 ఇస్తే రెఫరెన్సింగ్ చూసీచూడనట్టు పోతాం" అంటే అదీ ఈ చట్టంలోనే నిషేధం, ప్రకటించిన అద్దె కంటే ఎక్కువ అడగడం గానీ తీసుకోవడం గానీ కుదరదు. "మీ పేరున కంపెనీ పెట్టి కంపెనీ లెట్ (కంపెనీ పేరుతో అద్దె ఒప్పందం) చేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే అద్దెదారుగా మీకున్న రక్షణల్లో చాలావరకు పోతాయి. నగదు ఇమ్మంటే అక్కడితో ఆపేయండి. అన్నిటికంటే ప్రమాదం, ఇల్లు చూపించకుండా వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి "క్రెడిట్ చెక్ అక్కర్లేదు, మూడు నెలలు ముందు వేస్తే చాలు" అనే ప్రకటన. చెక్కులు అక్కర్లేదనడమే అక్కడ ఎర. ఏడు పౌండ్లు కడితే హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ ఇంటి యజమాని పేరు దొరుకుతుంది. డబ్బు అడుగుతున్న ఖాతా పేరుతో పోల్చి చూడండి. ఏజెంటైతే క్లయింట్ మనీ ప్రొటెక్షన్ (తన దగ్గరున్న కస్టమర్ల డబ్బుకు రక్షణ) సర్టిఫికెట్, ఏ రెడ్రెస్ స్కీమ్‌లో (ఫిర్యాదులు పరిష్కరించే పథకంలో) సభ్యుడన్నది వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. రెండూ లేకపోతే వేరే ఇల్లు చూసుకోండి. ఇవన్నీ ఉన్న ఏజెంటే ముందస్తు అద్దె అడిగితే, ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకుని లెస్టర్ సిటీ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. జరిమానా వేసే అధికారం స్థానిక కౌన్సిల్‌దే.